నాలుగు వారాల చదువు

పాలు పితకడం కూడా ఒక చదువేనా అంటే మన అమ్మమ్మలు బుగ్గలు నొక్కుకునేవారు. తెల్లారగట్ల లేచి, కొంగు బిగించి, కొట్టంలోకి వెళ్ళి, దూడని విడిచి, చేపు రాగానే మళ్ళీ కట్టేసి, పొదుగు మీద నాలుగు నీళ్ళు చల్లి, చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చునేవారు. కాస్సేపట్లో నురగలు కక్కే చెంబుతో లేచి వచ్చేవారు. ఎవరు నేర్పారని అడిగితే, "ఒకరు నేర్పడం ఏవిటే, అదే వచ్చేసింది" అనేవారు.

అదే వచ్చెయ్యదు. దానికీ ఒక బడి, ఒక పంతులు, ఒక పరీక్ష పెట్టిన దేశం ఒకటుంది. అది ఇంగ్లండు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ పట్నాల నుంచి వచ్చిన అమ్మాయిలకి కొన్నిచోట్ల మొదటి పాఠం ఆవు దగ్గర చెప్పేవారు కాదు. కొయ్య చట్రానికి ఒక కాన్వాసు సంచీ వేలాడగట్టేవారు. దాని అడుగున రబ్బరు చన్నులు, లోపల నీళ్ళు, కింద బకెట్టు, ముందు మూడు కాళ్ళ పీట. అంతవరకూ టైపు మిషను మీదా, బట్టల దుకాణంలో గజంబద్ద మీదా, క్షౌరశాల కత్తెర మీదా ఆడిన వేళ్ళు ఆ రబ్బరు మీద ఓనమాలు దిద్దుకునేవి. ఆ ఫొటోలు చూస్తే ముందు నవ్వొస్తుంది. కాస్సేపు చూస్తే నవ్వు ఆగిపోతుంది. ఆ పిల్లల ముఖాల్లో పరీక్ష హాల్లో కూర్చున్నంత దీక్ష ఉంటుంది మరి!

బి.ఏ.లో నేను చదువుకున్న చరిత్రలో రెండో ప్రపంచ యుద్ధం అంటే హిట్లరు, చర్చిల్, కొన్ని తేదీలు, కొన్ని ఒప్పందాలు. అన్నేళ్ళు యుద్ధం జరుగుతుంటే జనం ఏం తిన్నారు, ఆ తిండి ఎవరు పండించారు అన్న ప్రశ్న పరీక్షల్లో ఒక్కసారీ రాలేదు. నవలలు రాసుకునేవాళ్ళకి మాత్రం ముందు ఆ ప్రశ్నే తోస్తుంది. కథలో ఎంత పెద్ద గొడవ జరుగుతున్నా ఆ పూట పొయ్యి ఎవరు వెలిగించారో, పిల్లలకి పాలు ఎక్కడివో రచయిత్రికి తెలిసుండాలి కదా. అంచేత నేను వెతుక్కుంటూ పోయింది తుపాకుల వైపు కాదు, పాల బకెట్ల వైపు.

ఈ కథ యుద్ధంతో మొదలు కాలేదు. కాస్త వెనక్కి వెళ్ళాలి.

విక్టోరియా రాణి చివరి రోజులు. చదువుకున్న మధ్యతరగతి కుటుంబాల్లో పెళ్ళికాని ఆడపిల్లలు చాలామంది ఉండేవారు. వాళ్ళకి పరువుగా దొరికే పనుల్లో ముఖ్యమైంది ఒకటి. ఎవరో కలవారింట్లో పిల్లలకి చదువు చెబుతూ, అటు యజమానురాలూ కాకుండా ఇటు పనిమనిషీ కాకుండా ఒక మూల గదిలో బతకడం. ఆ గది తలుపు తీసిన వాటిల్లో ఒకటి, చిత్రంగా, తోటపని. కెంట్ ప్రాంతంలోని స్వాన్లీ అనే ఊళ్ళో 1889లో ఉద్యాన విద్య నేర్పే కాలేజీ ఒకటి పెట్టారు. మొదట అది మగపిల్లలకే. 1891లో ఆడపిల్లల్ని కూడా చేర్చుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదలైన కొద్ది ఏళ్ళకే అది పూర్తిగా ఆడపిల్లల కాలేజీ అయి కూర్చుంది. చోటిస్తే మనవాళ్ళు ఎంత దూరం వెళతారో చూశారా!

ఆ కాలేజీలో చదివిన ఇద్దరమ్మాయిలు, ఆనీ గుల్విన్, ఆలిస్ హచిన్స్ అనేవాళ్ళు, 1896లో లండను దగ్గరి క్యూ రాజోద్యానంలో తోటమాలులుగా చేరారు. అంతకుముందు ఆ ఉద్యోగంలో ఆడవాళ్ళు లేరు. వీళ్ళ వేషం చూసి మగ తోటమాలుల మనసు చెదరకూడదని వీళ్ళకీ మగవాళ్ళ మాదిరి దుస్తులే పెట్టారు. మోకాళ్ళ దాకా వచ్చే వదులు లాగులు, ఉన్ని మేజోళ్ళు, కోటు, టోపీ. దాంతో అసలు గొడవ మొదలైంది. లాగు తొడుక్కున్న ఆడవాళ్ళని చూడ్డానికి జనం బస్సుల పై అంతస్తు ఎక్కి మరీ గోడ మీదుగా తొంగి చూసేవారట. చివరికి తోటకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ పైన పొడుగాటి కోటు వేసుకోండమ్మా అని పైవాళ్ళు చెప్పాల్సొచ్చింది. వాళ్ళు వేసిన మొక్కలు ఎలా బతికాయో ఏ పత్రికా పట్టించుకున్నట్టు లేదు గానీ, లాగుల సంగతి మాత్రం వేళాకోళం పత్రికలకి బాగా పనికొచ్చింది.

తోటల తరవాత పశువులు. వార్విక్ కౌంటెస్ డెయిజీ గ్రెవిల్ అని ఒకావిడ ఉండేది. అందగత్తె, సంపన్నురాలు, అప్పటి యువరాజుగారి స్నేహితురాలు. తరవాతి రోజుల్లో సోషలిస్టు కూడా అయింది. అదో పెద్ద కథ. ఆవిడ 1898లో రీడింగ్ పట్నంలో ఆడపిల్లలకోసం ఒక వసతిగృహం పెట్టింది. అక్కడుంటూ పాడిపని, కోళ్ళ పెంపకం, తోటపని లాంటివి నేర్చుకోవచ్చు. 1903లో ఆ బడిని వార్విక్‌షైర్‌లోని స్టడ్లీ కోటకి మార్చారు. 1969 దాకా నడిచింది. కోటలో గడ్డి కోయడం, పేడ ఎత్తడం నేర్పే కాలేజీ! ఆవిడ ఉద్దేశం ఒకటే. తమ్ముడి ఇంట్లోనో అన్న ఇంట్లోనో మూలన పడి ఉండే అమ్మాయి చేతికి ఒక పని రావాలి, ఆ పనికి జీతం రావాలి.

అప్పటికి ఇది కొద్దిమంది కలిగినవాళ్ళ ముచ్చట. ఊరూరా జనానికి ఆ అవసరం తెలిసింది మొదటి ప్రపంచ యుద్ధంలో. బ్రిటను తినే తిండిలో సగానికి పైగా ఓడల మీద వచ్చేది. జర్మన్ జలాంతర్గాములు ఆ ఓడల్ని ముంచెయ్యడం మొదలుపెట్టాయి. పొలాల్లో పనిచేసే మగవాళ్ళు సైన్యంలోకి పోయారు. 1917లో ప్రభుత్వం విమెన్స్ లాండ్ ఆర్మీ అని ఒకటి పెట్టింది. నేల సాగు చేసే ఆడవాళ్ళ సైన్యం అన్నమాట. మెరియెల్ టాల్బట్ అనే ఆవిడ దాన్ని నడిపింది. రెండేళ్ళలో దాదాపు 23,000 మంది అందులో పనిచేశారు. కొద్ది వారాల శిక్షణ ఇచ్చి పొలానికి పంపేవారు. లాగు తొడుక్కున్నా ఆడపిల్లల్లాగే మసలుకోవాలని వాళ్ళకిచ్చిన చేతిపుస్తకంలో సుద్దులు కూడా చెప్పారు.

ఆ పథకంలో ఒక చిన్న విషయం నన్ను కట్టేసింది. మొదట వాళ్ళ జీతం వారానికి 18 షిల్లింగులు. పని వచ్చునని పరీక్షలో చూపిస్తే 20. తేడా రెండే షిల్లింగులు. కానీ ఆ రెండు షిల్లింగులకి ఎంత అర్థం ఉందో ఆలోచించండి. అంతకుముందు ఎన్నో వందల ఏళ్ళుగా రైతు భార్య, రైతు కూతురు ఆవులు పితికారు, దూడల్ని సాకారు, వెన్న చిలికారు. దాన్ని పని అనలేదు, సాయం అన్నారు. సాయానికి పరీక్ష ఉండదు, జీతం ఉండదు, సెలవూ ఉండదు. పరీక్ష అంటూ పెట్టాక మాత్రం అది విద్య అయింది. విద్య అయ్యాక దానికి ధర కట్టక తప్పలేదు. ఇప్పటికీ మన ఇళ్ళకి జనాభా లెక్కలవాళ్ళు వచ్చి ఏం చేస్తారమ్మా అంటే, రెండు గేదెల్ని ఒంటిచేత్తో సాకే ఇల్లాలు కూడా "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటుంది. ఆ మాట వెనక ఉన్నది ఈ తేడాయే.

యుద్ధం అయిపోయింది. 1919లో ఆ సైన్యాన్ని రద్దు చేశారు. మగవాళ్ళు తిరిగొచ్చారు కదా, ఇక మీరు ఇంటికెళ్ళండి అన్నారు.

సరిగ్గా ఇరవై ఏళ్ళకి మళ్ళీ అవసరం పడింది. 1939 జూన్‌లో, ఇంకా యుద్ధం మొదలుకాకముందే, లాండ్ ఆర్మీని తిరిగి లేపారు. ఈసారి బాధ్యత లేడీ గెర్‌ట్రూడ్ డెన్మన్‌ది. ఈవిడ భర్త ఒకప్పుడు ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్. ఆ దేశపు కొత్త రాజధానికి కాన్‌బెర్రా అన్న పేరుని 1913లో సభలో మొదట ప్రకటించింది ఈవిడే. తిరిగొచ్చాక పల్లెటూరి ఆడవాళ్ళ సంఘాల సమాఖ్యకి ఏళ్ళ తరబడి అధ్యక్షురాలు. ససెక్స్‌లోని తన సొంత భవంతి బాల్కోంబ్ ప్లేస్‌ని లాండ్ ఆర్మీ ఆఫీసుకి ఇచ్చేసింది. పడకగదుల్లో బల్లలు, టైపు మిషన్లు వచ్చి చేరాయి.

సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యేసరికి 17,000 మంది పేర్లిచ్చి సిద్ధంగా ఉన్నారు. పిలిచి పనిచ్చే రైతులు మాత్రం తక్కువ. లిప్‌స్టిక్ రాసుకునే ఈ పట్నం పిల్లలు చలికాలం అయిదింటికి లేచి పేడ ఎత్తుతారా అని వాళ్ళ అనుమానం. నిజం చెప్పాలంటే ఆ అనుమానం అర్థంలేనిదేం కాదు. పాలిచ్చే ఆవుతో ప్రయోగాలు చెయ్యడానికి ఏ రైతూ ఒప్పుకోడు. చేతకాని చెయ్యి పొదుగు మీద పడితే ఆవు తన్నడమే కాదు, పాలూ తగ్గిపోతాయి. అందుకే ఆ నాలుగు వారాల శిక్షణ. అందుకే ఆ రబ్బరు పొదుగు.

ఇంతకీ ఏం నేర్పేవారు? చన్ను లాగకూడదు. తెలియనివాళ్ళు చేసే మొదటి పని అదే. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చన్ను పైభాగాన్ని మూసెయ్యాలి, పాలు వెనక్కి పోకుండా. తరవాత మిగతా వేళ్ళు ఒకదాని తరవాత ఒకటి పైనుంచి కిందికి నొక్కుకుంటూ రావాలి. ముందు పొదుగు కడగాలి. మొదటి ధారలు బకెట్లోకి కాదు, వేరే గిన్నెలోకి పిండి చూడాలి. పాలల్లో విరుగుళ్ళు కనిపిస్తే పొదుగువాపు వచ్చిందన్నమాట, ఆ పాలు వేరు చెయ్యాలి. ఆఖరి ధార దాకా పితకాలి, ఎందుకంటే వెన్న ఎక్కువగా ఉండేది ఆ చివరి పాలల్లోనే. పైగా పొదుగులో పాలు మిగిల్చేస్తూ పోతే ఆవు మెల్లిగా ఎండిపోతుంది. అన్నిటికన్నా ముందు, ఆవు చేపాలి. అది భయపడితే చేపదు. అరుపులు, కంగారు, కొత్త ముఖం, ఏదీ దానికి గిట్టదు. కనక నేర్చుకునేవాళ్ళు ముందు తమ భయం తగ్గించుకోవాలి.

ఇవన్నీ చదివి తెలుసుకోవచ్చు. నేనూ చదివి తెలుసుకున్నాను, ఇప్పుడు మీరూ తెలుసుకున్నారు. అయితే మనిద్దరికీ పాలు పితకడం వచ్చేసినట్టా? మన భాషలో తెలుసు అన్న మాట ఒకటి, వచ్చు అన్న మాట ఒకటి వేరువేరుగా ఉన్నాయి. ఢిల్లీ ఎక్కడుందో తెలుసు అంటాం. ఈత వచ్చు, కుట్టు వచ్చు, పాలు పితకడం వచ్చు అంటాం. తెలియడం తలకి సంబంధించింది. రావడం చేతికి సంబంధించింది. ఆ రెంటికీ మధ్య దూరం ఎంతో ఆ పిల్లల మణికట్లకి తెలుసు. మొదటి వారం చేతులు వాచిపోయి దువ్వెన పట్టుకోవడం కూడా కష్టమయ్యేది. రబ్బరు సంచీ కదలదు, తోక విసరదు, కాలు ఎత్తదు. దాని దగ్గర పాసైన అమ్మాయి నిజం ఆవు పక్కన కూర్చున్నప్పుడు మళ్ళీ మొదటికొచ్చేది. అక్కణ్ణుంచి పంతులు ముసలి పాలేరే. ఎందరో అమ్మాయిలకి ఆ నాలుగు వారాలు కూడా దక్కలేదు. రైలు దిగి సరాసరి పొలంలోకి దిగినవాళ్ళే వాళ్ళు.

పాడి ఒక్కటే కాదు. ట్రాక్టరు నడపడం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ట్రాక్టరుకి ముందు ఇనుప చెయ్యి పెట్టి తిప్పితేగాని ఇంజను లేచేది కాదు. అది ఎదురు తిరిగిందంటే మణికట్టు విరిగేది. పచ్చికబయళ్ళు దున్ని గోధుమా బంగాళాదుంపా వేశారు. మంచులో గడ్డకట్టిన బీటు దుంపలు పీకారు. నూర్పిడి మిషను దగ్గర ఊక ధూళి మింగారు. వెయ్యిమంది దాకా ఆడవాళ్ళు ఎలకల్ని పట్టే పనిలో ఆరితేరారు. బొద్దింకని చూస్తే మంచమెక్కే మనలాంటివాళ్ళే వాళ్ళూను! 1942లో అడవుల్లో కలప కొట్టడానికి వేరే దళం కూడా పెట్టారు. 1943 నాటికి లాండ్ ఆర్మీ సంఖ్య 80,000 చేరింది. మొత్తం మీద 1950 దాకా రెండు లక్షల మందికి పైగా అందులో పనిచేశారు.

జీతం సంగతి కూడా చెప్పుకోవాలి. మొదట్లో వారానికి 28 షిల్లింగులు. అందులో సగం దాకా తిండికీ బసకీ పోయేది. అదే పొలంలో మగ కూలీకి 38. చలికాలం వారానికి 48 గంటలు, ఎండాకాలం 50 గంటలు పని. కోతల రోజుల్లో ఆ గడియారాన్ని ఎవరు చూశారు గనక! తరవాత జీతాలు కొంత పెరిగాయి. యుద్ధం చివరి ఏళ్ళలో నైపుణ్య పరీక్షలు కూడా పెట్టారు. పాడి, కోళ్ళు, ట్రాక్టరు, తోట, ఎలకల నిర్మూలన, ఇలా దేనికదే పరీక్ష. పాసైతే బ్యాడ్జీ. అది గుండీ పక్కన పెట్టుకుంటే ఏ రైతు దగ్గరికి వెళ్ళినా, పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల కాదు, పని వచ్చిన మనిషి.

ఆ బ్యాడ్జీని వాళ్ళు అంత మురిపెంగా చూసుకున్న కారణం యుద్ధం ముగిసే వేళకి బయటపడింది. సైన్యంలో ఉన్నవాళ్ళకి యుద్ధం తరవాత నగదు బహుమానాలు, పునరావాసం, చదువులకి సాయం అని ప్రభుత్వం పథకాలు వేసింది. సైన్యపు స్త్రీ విభాగాలకీ అవి వర్తించాయి. లాండ్ ఆర్మీకి మాత్రం లేవు. మీరు పనిచేసింది రైతుల దగ్గర, సర్కారు దగ్గర కాదు కదా అన్నారు. పేరు పెట్టేటప్పుడు ఆర్మీ, యూనిఫారం ఇచ్చేటప్పుడు ఆర్మీ. ఇవ్వాల్సిన చోటికి వచ్చేసరికి కూలీలు.

లేడీ డెన్మన్ మంత్రులతో వాదించింది. ఫలితం లేకపోయింది. 1945 ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చేసింది. సొంతిల్లు ఇచ్చి, అయిదేళ్ళ పైచిలుకు నడిపిన సంస్థ నుంచి తన పిల్లల కోసం లేచి వెళ్ళిపోయింది. పత్రికల్లో, పార్లమెంటులో గొడవయింది. చివరికి ప్రభుత్వం కాస్త మెత్తబడి లాండ్ ఆర్మీ సహాయనిధికి కొంత డబ్బిచ్చింది. బూట్లూ, చలికోటూ ఉంచుకోవచ్చంది. అయితే కోటుకి వేరే రంగు అద్దించుకోవాలి సుమా అని షరతు పెట్టింది!

1950 అక్టోబరులో లండను రాజభవనం దగ్గర 500 మంది ఆఖరి కవాతు చేశారు. రాణీగారు వచ్చి చూశారు. నవంబరు 30న లాండ్ ఆర్మీ రద్దయింది. ఆ తరవాత వాళ్ళు ఏమయ్యారు? కొందరు రైతుల్నే పెళ్ళాడి అక్కడే ఉండిపోయారు. కొందరు మళ్ళీ టైపు మిషన్ల దగ్గరికీ, దుకాణాల్లోకీ వెళ్ళారు. పెళ్ళిళ్ళు, పిల్లలు, మనవలు. ఎవరైనా అడిగితే, ఆ, యుద్ధంలో కొన్నాళ్ళు పొలంలో సాయం చేశాను అని చెప్పి ఊరుకున్నవాళ్ళు ఎంతమందో. మళ్ళీ అదే మాట, సాయం!

యుద్ధంలో పోయినవారి సంస్మరణకి ఏటా నవంబరులో లండనులో జరిగే కవాతులో నడవడానికి లాండ్ ఆర్మీ వాళ్ళకి అవకాశం వచ్చింది 2000లో. ప్రభుత్వం వాళ్ళకి గుర్తింపు బ్యాడ్జీలు ఇచ్చింది 2008లో. బంగారురంగు గోధుమ పనకట్టు, చుట్టూ అడవిలో పనిచేసినవాళ్ళకి గుర్తుగా పైన్ కొమ్మలు. 2014లో స్టాఫర్డ్‌షైర్‌లోని జాతీయ స్మారక వనంలో విగ్రహమూ పెట్టారు. బ్యాడ్జీ అందుకునేనాటికి వాళ్ళలో చాలామంది ఎనభై దాటినవాళ్ళు, తొంభైకి దగ్గరపడ్డవాళ్ళు. అప్పటికే పోయినవాళ్ళు ఎన్నో రెట్లు.

ఒక దేశం తన ఆడపిల్లలకి నాలుగు వారాల్లో ఒక విద్య నేర్పగలిగింది. మీకు ఆ విద్య వచ్చు, దానితోనే మేం తిన్నాం అని ఒప్పుకోడానికి మాత్రం, లాండ్ ఆర్మీ రద్దయ్యాక, దానికి యాభై ఎనిమిదేళ్ళు పట్టింది. ఆలస్యమైనా ఇచ్చారు, సంతోషమే. కానీ ఏ విద్యయినా వచ్చినవాళ్ళ చేతులు ఇంకా పనిచేస్తున్నప్పుడే ఆ మాట అనడం మంచిది. దానికి ప్రభుత్వమే అక్కర్లేదు. ఆ పాలు తాగినవాళ్ళు ఎవరైనా అనవచ్చు.